కాలపటమున రాయచూరు: ఉమ్మడి ప్రపంచ చరిత్రపటముపై ఒక విమర్శ

చరిత్రకు భూగోళము, కాలక్రమము రెండు కన్నులని పెద్దలందురు. ఈ రెండు కన్నులును ఒక్కమారు తెరచి చూపగల పటమును నిర్మింపవలెనను కోరిక చిరకాలమునుండి యున్నదే. ఇటీవల ఆ కోరిక క్రొత్తరూపము దాల్చినది. ఏ ఒక్క పండితుడో, ఏ ఒక్క విశ్వవిద్యాలయమో కాక, ఇచ్చగలవారెల్లరును తమకు దెలిసిన ఊరిని, కోటను, కాలువను, సరిహద్దును అంతర్జాలము మూలమున ఒకే పటముపై గుర్తించుచు, ప్రపంచ చరిత్రనంతను అందు నిలుపుటకు యత్నించుచున్నారు. ఈ యత్నము మెచ్చదగినదా, మెచ్చదగినచో ఎంతవరకు, దాని లోపములెవ్వి అను ప్రశ్నలకు ప్రపంచపటమును దూరమునుండి చూచినంతమాత్రమున సమాధానము దొరకదు. ఒక సీమను దీసికొని, దాని చరిత్రను ఆ పటముపై నిలిపి పరీక్షింపవలెను.

అట్టి పరీక్షకు రాయచూరు సీమవంటిది అరుదు. కృష్ణా తుంగభద్రల నడుమ నున్న ఈ అంతర్వేదికై కాకతీయులు, యాదవులు, బహమనీలు, విజయనగర రాయలు, బిజాపురపు ఆదిల్‌షాహీలు, మొగలులు, అసఫ్‌జాహీలు వంతులవారీగా పోరాడిరి, లేదా దానిని ఏలిరి. కన్నడము, తెలుగు, ఉర్దూ మూడును ఇచ్చటి సంతలో వినబడును. ఏకవర్ణముతో ఈ సీమను నింపదలచిన ఏ చిత్రకారుడైనను ఇచ్చట తడబడక తప్పదు. ఆ తడబాటు ఎచ్చట కలుగుచున్నదో కనుగొన్నచో పటనిర్మాణ పద్ధతిలోని గుణదోషములు తేటపడును.

పటము, దాని పద్ధతి

2004లో ఇంగ్లండున స్టీవ్ కోస్ట్ ఆరంభించిన ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అను ఉమ్మడి పటము నేడు లోకప్రసిద్ధము. దాని మూలనియమము, నేడు నేలపై కన్నులకు గానవచ్చునదే గుర్తింపవలెననునది. ఒకడు గుర్తించినది తప్పో ఒప్పో మరొకడు ఆ చోటికి పోయి సరిచూడగలడు. కాని ఈ నియమముచేతనే, రూపుమాసిన కోటకును తొలగిపోయిన సరిహద్దుకును ఆ పటమున చోటు లేకపోయినది. ఆ కొరతను తీర్చుటకై అవే సాధనములతో ఏర్పడినది ఓపెన్ హిస్టారికల్ మ్యాప్. ఇందు ప్రతి వస్తువునకును ఆరంభకాలము, అంత్యకాలము, ఆధారము, వివిధ భాషలలోని పేర్లు వ్రాయుటకు వీలు గలదు. చదువరి కాలసూచికను వెనుకకు ముందునకు జరుపుకొలది పటము మారుచుండును. తేది నిశ్చయముగా తెలియనిచో సుమారుగా తెలుపుటకును మార్గము గలదు. క్రోనాస్ మొదలగు మరికొన్ని పటములు వేరొక త్రోవ త్రొక్కినవి. అవి భూమిని ఖండములుగా విభజించి, ఏ సంవత్సరమున ఏ ఖండము ఏ ప్రభువుదో, ఏ మతముదో రంగులతో చూపును.

ఈ రెండు త్రోవలకును గల భేదము పైకి అల్పముగా తోచును గాని నిజమునకు గొప్పది. మొదటిది వస్తువులను గుర్తించును, రెండవది రంగులు నింపును. వస్తువునకు ఆధారము చూపుట సులభము. రంగునకు ఆధారము చూపుట కష్టము. ఏలయన రంగు రెండు కోటల నడుమనున్న అడవిని, మెట్టను, మనుష్యుడు లేని బీడును గూడ ఒక ప్రభువున కప్పగించును. ఆ బీడున ఆ ప్రభువు శాసనమును చూచినవారెవ్వరు?

పలువురు కలసి స్థలచరిత్ర కూర్చుట తెలుగువారికి క్రొత్త కాదు. 1815లో భారతదేశమునకు తొలి సర్వేయర్ జనరలుగా నియుక్తుడైన కాలిన్ మెకంజీ క్రింద కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులును వారి సహాయకులును ఊరూర తిరిగి, కరణములవద్దనున్న కవిలెలను, గుడిగోడలపై శాసనములను, వృద్ధుల వాక్కులను సేకరించి కైఫీయతులుగా వ్రాయించిరి. హైదరాబాదు సంస్థానమున కొమర్రాజు లక్ష్మణరావుగారి పేర వెలసిన పరిశోధకమండలి, వేతనము గొనని విద్వాంసుల శ్రమతో శాసనముల ప్రతులెత్తించి 1935లో తెలంగాణా శాసనములు అను సంపుటమును ప్రకటించినది. నేటి అంతర్జాల పటమునకును ఈ పనులకును భేదము సాధనమందే కాని స్వభావమందు కాదు. అయితే కైఫీయతు ఏ గ్రామమునుండి, ఎవరి మాటనుండి వచ్చినదో ఆ వ్రాతలోనే చాలవరకు తెలియును. లక్ష్మణరాయ మండలి శాసనపాఠమునే మన ముందుంచినది. అంతర్జాల పటమున ఆధారము తెలుపుటకు గడి కలదు గాని, ఆ గడిని నింపు అలవాటు ఇంకను స్థిరపడవలసియున్నది. ఆధారములేని గీత అందముగా కనబడును, అదియే దాని అపాయము.

మొదటి పరీక్ష: 1294 నాటి శాసనము

రాయచూరు కోట పడమటి గోడలో దాదాపు 41 అడుగుల పొడవుగల ఏకశిల యొకటి గలదు. దానిపై తెలుగున చెక్కిన శాసనము 1294 నాటిది. ఆ మహాశిలను బండిపై నెక్కించి పశువులచే లాగించి తెచ్చిన విధమును తెలుపు చిత్రము గూడ గోడపై చెక్కబడియున్నది. కాకతీయుల సామంతుడైన గోరె గంగయరెడ్డి సేనాని విఠలనాథుడు అదవాని, తుంబళము, మానువ, హాలువ అను దుర్గములను గైకొని, రాయచూరు ప్రవేశించి, పురజనుల రక్షణకై బలమైన రాతిగోడ కట్టించెనని ఆ శాసనసారము.

దీనిని పటమున నెట్లు నిలుపవలెను? రంగులు నింపు పద్ధతిని అనుసరించువారు 1294వ సంవత్సరమున కృష్ణా తుంగభద్రల నడుమనున్న భూమినంతను కాకతీయ వర్ణమున ముంచుదురు. శాసనము చెప్పినది అది కాదు. అది చెప్పినవి నాలుగు దుర్గములు, ఒక నగరము, ఒక గోడ. అనగా అయిదు బిందువులు, వానిని కలుపు ఒక దండయాత్రా మార్గము, ఒక కట్టడము. అంతకుమించి ఒక్క అంగుళమైనను పటమున చేర్చినచో అది చిత్రకారుని ఊహయే గాని విఠలనాథుని వాక్యము కాదు. 2014లో రిచర్డ్ ఈటన్, ఫిలిప్ వాగొనర్ ప్రకటించిన దక్కను స్థలముల గ్రంథము రాయచూరును రాజధానుల నడుమ పోరునకు గురియైన ద్వితీయ కేంద్రముగా విచారించినది. ఆ కాలపు రాజ్యాధికారము దుర్గమునుండి చుట్టును వ్యాపించెడి దీపకాంతివంటిది. దగ్గర ప్రకాశము, దూరమున మసక. దానికి గట్టుగీత గీయుట నేటి సర్వే రాళ్ళను పదమూడవ శతాబ్దిలో పాతుటయే.

ఈ శాసనమునే ఆధారముగా గొని పటముయొక్క గుణము నొకదానిని గూడ చూపవచ్చును. పాత గ్రంథములు కొన్ని ఈ కోటగోడను రుద్రమదేవి కాలమునకు చేర్చినవి. అటుపిమ్మట నల్లగొండ సీమలోని చందుపట్ల శాసనము వెలుగు చూచినది. 1289 నాటి ఆ శాసనము రుద్రమదేవి శివసాయుజ్యమును తెలుపుచున్నది. కావున 1294 నాటి నిర్మాణము ప్రతాపరుద్రుని పాలనలోనిదగును. అచ్చుపుస్తకమున ఈ సవరణ మరుముద్రణవరకు ఆగవలెను. మరుముద్రణ రానిచో తప్పు గ్రంథాలయమున చిరంజీవియై యుండును. ఉమ్మడి పటమున నట్లు కాదు. చందుపట్ల శాసనము నాధారముగా జూపి ఎవ్వరైనను నాడే సరిదిద్దవచ్చును, మునుపటి వ్రాత ఏమైయుండెనో, ఎవరు ఎప్పుడు మార్చిరో అను చరిత్రయు నిలిచియుండును. ఈ గుణము సామాన్యమైనది కాదు.

మరియొక చిక్కు స్థలనిర్ణయమునకు సంబంధించినది. పాత గ్రంథములలో అదవాని, తుంబళము బళ్ళారి జిల్లాలోనివని వ్రాయబడియుండును. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమేర్పడునంతవరకు ఆ మాట సరియే. ఆ తరువాత ఆదోని తాలూకా కర్నూలు జిల్లాలో చేరినది. ఏ కాలపు జిల్లా యనునది తెలియని చదువరి, ఆ గ్రంథము చేతబట్టి నేటి బళ్ళారి జిల్లాలో తుంబళమును వెదకి వేసారును. జిల్లా సరిహద్దులను తేదీలతో చూపగల పటము ఇట్టి వృథాశ్రమను తొలగించును.

రెండవ పరీక్ష: 1520 నాటి యుద్ధము

శ్రీకృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్‌షాను జయించి రాయచూరును గైకొన్న యుద్ధమును పోర్చుగీసువాడైన ఫెర్నావో నూనిజ్ విపులముగా వర్ణించెను. ముట్టడిలో క్రిస్తోవావో ద ఫిగైరెదో అను పోర్చుగీసు తుపాకివీరుని సాహసమును గూడ అతడే తెలిపెను. అతని వ్రాత నాంగ్లీకరించి 1900లో ప్రకటించిన రాబర్ట్ సీవెల్ యుద్ధతేదిని విచారించి, నూనిజ్ చెప్పిన 1522 సరిపడదని, వారము తిథి చూడగా 1520 మే 19 తగినదని నిర్ణయించెను. ఆ నిర్ణయమే చరిత్రకారులలో ప్రాచుర్యమొందినది.

కాలపటమున ఒక్క తేదియే కనబడును. 1520 మే 19 అను అంకెల వెనుక నొక సాక్షి వాక్యమును, ఆ వాక్యమునకు విరుద్ధమైన గణనయు, ఆ గణనను అంగీకరించిన పండితుల అభిప్రాయమును గలవని పటము చూచువానికి తెలియదు. మన యుద్ధములకు 1947 ఆగస్టు 15వంటి నిశ్చయముగల తేదులు అరుదు. రెండు తేదులును సమాన స్ఫుటతతో కనబడుట పటముచేయు అన్యాయము. సుమారు తేదిని వ్రాయుటకు వీలున్నను, పక్షాంతరమును, దానికి గల కారణమును చూపుటకు తగిన చోటు పటముపై లేదు. విడిగా వివరణ వ్రాయవలసినదే. వివరణను చదువక పటమునే చూచువారే పెక్కురు.

రాయలు 1529లో మరణించిన కొలది కాలమునకే రాయచూరు మరల బిజాపురమువారి వశమైనది. 1565 జనవరి నాటి మహాయుద్ధమునకు పిమ్మట విజయనగరమునకు ఈ సీమపై ఆశ యుడిగినది. ఆ యుద్ధమునే తళ్ళికోట యుద్ధమనియు, రక్కసి తంగడి యుద్ధమనియు, బన్నిహట్టి యుద్ధమనియు వ్యవహరించుచున్నారు. ఒకే పోరునకు మూడు స్థలనామములు. పటముపై ఒక చోట కత్తుల గుర్తు వేయువాడు తెలిసియో తెలియకయో ఈ వాదమున నొక పక్షము వహించినవాడగును. అతడు ఏ పక్షము వహించెనో వ్రాసినచో దోషము లేదు. వ్రాయకున్నచో ఆ గుర్తు తీర్పుగా మారును.

మూడవ పరీక్ష: 1853 నుండి 1997 వరకు

ఇటీవలి చరిత్రకు వచ్చినచో పటము తన బలమును చూపును. 1853 నాటి ఒడంబడికచే నిజాము రాయచూరు అంతర్వేదిని, బేరారును, ధారాశివ ప్రాంతమును ఆంగ్లేయుల కప్పగించెను. 1860లో రాయచూరు, ధారాశివములు నిజామునకు తిరిగి దక్కినవి. 1948లో హైదరాబాదు సంస్థానము భారతయూనియనున విలీనమైనది. 1956 నవంబరు 1న రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రమున చేరినది. కాని గద్వాల, అలంపురము తాలూకాలు మాత్రము వేరుపడి ఆంధ్రప్రదేశమున మహబూబ్‌నగరు జిల్లాలో కలిసినవి. 1973లో మైసూరు రాష్ట్రము కర్ణాటకమైనది. 1997లో కొప్పళము ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది. 2014లో తెలంగాణ రాష్ట్రము, 2016లో జోగుళాంబ గద్వాల జిల్లా ఏర్పడినవి.

ఈ తేదులన్నియు శాసనగ్రంథములలోను ప్రభుత్వ ప్రకటనలలోను ఉన్నవి. సరిహద్దులు సర్వే చేయబడినవి. ఇట్టి చోట గీత గీయుట ఊహ కాదు, సత్యమే. దీనివలన తెలుగు పరిశోధకునకు గలుగు మేలు ప్రత్యక్షము. విద్వద్గద్వాలగా పేరొందిన సంస్థానపు కవిపండితుల చరిత్రను వ్రాయగోరువాడు పాత రికార్డులలో మహబూబ్‌నగరు జిల్లాను వెదకినచో ప్రయోజనము లేదు. రాయచూరు జిల్లాను వెదకవలెను. నేటి జిల్లాల పేర్లతోనే గతమును చదువు అలవాటు మన సాహిత్యచరిత్రల పెక్కింట గలదు. కాలపటము ఆ అలవాటునకు మందు.

అయినను ఇచ్చటను ఒక మెలిక గలదు. 1853 నుండి 1860 వరకు రాయచూరు ఎవరిది? పాలన ఆంగ్లేయులది. ప్రభుత్వము నామమాత్రముగానైనను నిజాముది. సైన్యవ్యయమునకై రాబడి నప్పగించినంతమాత్రమున స్వామ్యము పోదు. ఆంగ్లవర్ణము వేసినను, నిజాము వర్ణము వేసినను సగము సత్యమే. తేదులు పూర్తిగా తెలిసినను, సర్వే పూర్తిగా జరిగినను ఏకవర్ణము చాలకపోవుటకు ఇంతకంటె చక్కని నిదర్శనముండదు. గ్రీకు, రోమను ప్రాచీన స్థలములకై ఏర్పడిన ప్లీయడీస్ అను స్థలకోశమున స్థలము వేరు, దాని పేరు వేరు, దాని నెలవు వేరు అను విభాగము పాటింపబడుచున్నది. ఒక్కొక్కదానికి విడిగా కాలమును ఆధారమును చూపుదురు. అట్లే ప్రభుత్వము వేరు, పాలన వేరు, రాబడి వేరు అని పొరలుగా చూపు నియమము రాయచూరువంటి సీమల కావశ్యకము.

శాసనములేని చరిత్ర

ఇంతవరకు చెప్పినది రాజుల చరిత్ర. రాయచూరు సీమలోని తెలుగువారి చరిత్రలో పెద్దభాగము రాజులది కాదు, రైతులది. 1953 నాటికి రూపొందిన తుంగభద్ర జలాశయమునుండి ఎడమగట్టు కాలువ సింధనూరు, మాన్వి ప్రాంతములకు నీరు తెచ్చినది. కృష్ణా, గోదావరి డెల్టాలలో వరిసాగు నెరిగిన తెలుగు కుటుంబములు తరలివచ్చి, ఇచ్చటి మెట్టభూములను కొని, చదును చేసి, మళ్ళు గట్టినవి. పొలముల నడుమ వారు వేసికొన్న నివాసములే క్యాంపులను పేర వెలసినవి. కన్నడిగులును తెలుగువారును ఒకేవిధముగా క్యాంపు అనియే వ్యవహరించు ఈ మాట ఈ సీమ చరిత్రలో ఒక అధ్యాయము.

ఈ క్యాంపులకు విఠలనాథుని శిలవంటి శిల లేదు. వానిలో కొన్ని చిరకాలము ప్రత్యేక గ్రామములుగా రెవెన్యూ లెక్కలలో నమోదు కాలేదు. కావున పాత పటములందు అవి కానరావు. తొలితరమువారు గతించుచున్నారు. ఏ క్యాంపు ఏ సంవత్సరమున వెలసినది, ఏ ఊరివారు ముందు వచ్చిరి, ఆ నేలకు అంతకుముందు ఏ పేరుండెను అను విషయములు మరియొక తరమునకు అందక పోవచ్చును. రాజుల చరిత్ర పటమున లేకున్నను గ్రంథములందు నిలుచును. క్యాంపుల చరిత్ర ఇప్పుడు వ్రాయనిచో ఎచ్చటను నిలువదు. ఉమ్మడి పటముయొక్క నిజమైన ప్రయోజనము ఇచ్చటనే యున్నది.

ఆధారములు లేవనుటయు సరికాదు. కొనుగోలు దస్తావేజులు, పహాణీలు, పాఠశాల ప్రవేశపు రిజిస్టర్లు, రామాలయముల ప్రతిష్ఠాఫలకములు, సహకార సంఘముల లెక్కలు ఇండ్లలోను కచేరీలలోను గలవు. వృద్ధుల వాఙ్మూలము గూడ, చెప్పినవారి అనుమతితో, చెప్పిన కాలము తెలిపి వ్రాసికొన్నచో ఆధారమే. కైఫీయతులు వ్రాయించినవారు చేసినదిదియే. అయితే బ్రతికియున్నవారి పేర్లు, ఆస్తివివరములు సర్వజనులు చూచు పటమున చేర్చుట మర్యాద కాదు. ఊరి తేది చాలును.

ఇందు తెలుగువారు పాటింపవలసిన న్యాయమొకటి గలదు. క్యాంపు వెలసిన నేల శూన్యమైన నేల కాదు. దానికి కన్నడనామముగల మాతృగ్రామముండెను. జొన్న, ప్రత్తి పండించిన మెట్టరైతు లుండిరి. క్యాంపు ఆరంభతేదిని వ్రాసి, దానికి ముందున్న గ్రామనామమును వ్రాయకుండుట, విఠలనాథుని దండయాత్రను రంగులతో నింపిన దోషమువంటిదే. అదేవిధముగా 1294 శాసనము తెలుగున నున్నదని రాయచూరు నంతను తెలుగునేలగా చిత్రించుటయు, 1956 విభజనను బట్టి పూర్వకాలమంతయు కన్నడనేలగా చిత్రించుటయు సమానదోషములే. శాసనభాష ప్రభువు కచేరీని తెలుపునుగాని ప్రజలందరి నాలుకను తెలుపదు. ఈ జిల్లాలోనే మస్కివద్ద 1915లో బీడన్ అను గని ఇంజనీరు కనుగొన్న అశోకశాసనము ప్రాకృతమున నున్నది. అశోకుని పేరు స్పష్టముగా పేర్కొన్న తొలి శాసనమది యని చరిత్రకారు లానందించిరి గాని, మస్కి ప్రజల ఇంటిభాష ప్రాకృతమని ఎవ్వరును వాదింపలేదు.

గుణదోష నిర్ణయము

పై పరీక్షలవలన తేలినది సంగ్రహముగా నిది. ఊరు, కోట, గోడ, కాలువ, శాసనము, చట్టముచే ఏర్పడిన జిల్లా, ఇట్టివానిని గుర్తించుటలో ఉమ్మడి పటము అచ్చుపటములకంటె మేలు. తప్పును త్వరగా దిద్దుకొనును. ఒకే స్థలమునకు తెలుగు, కన్నడ, ఉర్దూ నామములను ప్రక్కప్రక్కన నిలుపును. 1978లో షికాగో విశ్వవిద్యాలయమువారు ప్రకటించిన జోసెఫ్ ష్వార్ట్‌స్‌బర్గ్ దక్షిణాసియా చరిత్రపటసంపుటి వంటి మహాగ్రంథము గూడ ఒక క్యాంపు పుట్టుకను చూపజాలదు. అది దాని లోపము కాదు, దాని కొలమానమునకు గల హద్దు. కాని ఆ గ్రంథమున ప్రతి పటమునకును పండితుల వివరణ తోడుగానున్నది. ఉమ్మడి పటమున ఆ వివరణ బాధ్యత ఎవ్వరిదియు కాక, అందరిదియునై, తరచు జారిపోవును.

మధ్యయుగపు రాజ్యములను రంగులతో నింపుటలో ఈ పటము నమ్మదగినది కాదు. ఆ లోపము యంత్రమున లేదు. తెలియని చోటును తెల్లగా విడువలేని మనుష్యుని ఆతురతలో నున్నది. రాయచూరు పటమున కొంత తెలుపు మిగిలినచో అది నిర్మాతల అజ్ఞానమును గాక వారి నిజాయితీని చాటును.

రాయచూరు, సింధనూరు, మాన్వి ప్రాంతములలోని తెలుగు సంఘములకు చేతనైన పని ఒకటి ఇందు గలదు. ప్రతి క్యాంపునకు పేరు, వెలసిన సంవత్సరము, మాతృగ్రామము, ఆధారము అను నాలుగు గడులుగల పట్టికను కన్నడ మిత్రులతో గూడి నింపి, ఆ పిమ్మట పటమున చేర్చవలెను. కన్నడ మిత్రులను గూర్చుకొనుట మర్యాదకొరకు మాత్రమే కాదు. క్యాంపునకు పూర్వమున్న పేరు వారి పెద్దల జ్ఞాపకముననే యున్నది, ఆ పెద్దలును తొలితరపు తెలుగు రైతుల యీడువారే. పటము రేపటికిని ఉండును, వారుండరు. కావున నాలుగు గడులలో మూడవది ముందుగా నింపవలసినది.